పట్టుపురుగుకు నీళ్ళలో చుట్టం

నాయన నాకు ఫోన్ చేయడు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అమ్మ చేస్తుంది, వెనక నుంచి ఆయన ఒకటో రెండో మాటలు అందిస్తాడు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం తనే చేశాడు. నేను హిందూపురంలో మా కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరుస్తున్నాను. ఎవరికేమయిందోనని డబ్బా వదిలేసి లేచాను. ఆయనకు మాత్రం సంబరం ఆగడం లేదు.

"శనివారం మీ వదిన వస్తాంది. నాలుగు దినాలు మనింట్లోనే ఉంటాదంట. నువ్వు గూడా రా" అన్నాడు.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే కొన్ని నెలలు పెద్దది. పెనుకొండ దగ్గర మా ఊరి బడికి ఇద్దరం కలిసే పోయాం. హిందూపురంలో డిగ్రీ ఒకే బెంచీ మీద చదివాం. పీజీలో ఒకే గదిలో ఉన్నాం. ఇద్దరిదీ జువాలజీనే. బెంగళూరులో పరిశోధన సీటు కోసం ప్రవేశ పరీక్ష కూడా కలిసే రాశాం. ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. ఆమె బెంగళూరు పోయిన ఏడాదే నాకు ధర్మవరంలో పెళ్ళయింది. మా అత్తగారింట్లో పట్టుచీరలు నేస్తారు. నేను రోజూ పొద్దున్నే రైలెక్కి హిందూపురం పోతాను, ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పి సాయంత్రానికి తిరిగొస్తాను. మధ్యలో పెనుకొండ స్టేషన్ వస్తుంది, అక్కడ ఆగిన కాసేపూ మా కొండ కిటికీలోంచి కనబడుతుంది.

నా బతుకు మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. మా ఆయన మెత్తని మనిషి. పిల్లలు నా క్లాసంటే ఇష్టపడతారు. కానీ వదిన పేరు వింటే మాత్రం నాకు నోట్లో అన్నం రుచి మారిపోతుంది. ఆ రోజు డబ్బాలో ఏం తెచ్చుకున్నానో కూడా గుర్తులేదు.

ఆమె పని పురుగుల వంశవృక్షం గీయడం. గుడ్డులోంచి పురుగై, పురుగు ప్యూపాగా మారి, ప్యూపాలోంచి రెక్కలతో బయటకొచ్చే కీటకాలన్నీ ఒకదానికొకటి ఏమవుతాయి, ఏది ముందు విడిపోయింది, ఏది తర్వాత విడిపోయింది అని వాటి జన్యువులు చదివి తేల్చడం. నేను ప్రతి ఏడాదీ ఒక్క వారంలో నల్లబల్ల మీద ముగించే పాఠం ఆమెకు జీవితమంత పని అయింది. నేను అసూయపడేది ఆమె జీతానికి కాదు, ఊరికీ కాదు, విమానాల్లో పోవడానికీ కాదు. ఆ ఒక్క పనికి.

శనివారం రైలు పెనుకొండలో దిగి ఇంటికి పోయేసరికి అమ్మ ఓళిగలు చేస్తోంది. నేను వారం వారం వచ్చినా ఎప్పుడూ చేయనివి. వదిన రేరింగ్ షెడ్డులో ఉందని చెప్పింది.

నాయన పట్టుపురుగులు పెంచుతాడు. ఆ రోజుల్లో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. చివరి సారి కుబుసం విడిచే ముందు అవి తిండి మాని పడుకోవడాన్ని మావైపు జ్వరం అంటారు. లేచాక వాటి ఆకలికి అంతుండదు. మల్బరీ కొమ్మలు తట్టల మీద పరిచిన క్షణం నుంచి షెడ్డంతా చిటపటమని చప్పుడు. ఆ చప్పుడు మధ్య నాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వదిన కింద గోనెపట్టా మీద బాసీపట్టు వేసుకుని ఉంది. నాయన మాట్లాడుతున్నాడు. గడప దగ్గరే నిలబడిపోయాను. మా నాయన అన్ని మాటలు వరసగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

ఆయన అడుగుతున్నది ఊజీ ఈగ గురించి. పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పోయే ఈగ అది. గుడ్డులోంచి వచ్చిన పురుగు పట్టుపురుగు లోపలికి దూరి దాన్ని తినేస్తుంది. దానికి భయపడే షెడ్డు కిటికీలన్నిటికీ నైలాను తెరలు కట్టాం.

"ఈ ఈగకూ నా పురుగుకూ పుట్టుక ఒగటేనా?" అని అడిగాడు.

ఒకటేనంది వదిన. రాకాసి బల్లులు భూమ్మీదికి రాకముందే ఏదో ఒక పురుగు ప్యూపాగా మారడం నేర్చుకుందట. దాని సంతతే ఇవన్నీ. అయితే ఈగ దగ్గరి చుట్టం కాదంది. కుక్క బొచ్చులోంచి ఎగిరి దూకే చిన్న పురుగు ఉంటుందే, ఆ పురుగే ఈగకు దగ్గరి బంధువట. పేడపురుగులు, పెంకు పురుగులు ఇంకో వైపు పాయ. నాయన తల ఊపుతూ, వేళ్ళు మడుస్తూ వింటున్నాడు. చెదపురుగు ఏ వైపు వస్తుందన్నాడు. చెద అసలు ఈ వంశంలోదే కాదని, దాని పిల్లలు పుట్టినప్పటి నుంచే పెద్దవాటిలా ఉంటాయని, అది బొద్దింకల ఇంటిదని వదిన చెప్పింది. చీమకూ చెదకూ సంబంధం లేదని తెలిసి ఆయన ఆశ్చర్యపోయాడు.

ఇందులో ఒక్క మాట కూడా నాకు తెలియనిది కాదు. చీమా చెదా సంగతి నేను ప్రతి ఏడాదీ చెబుతాను. పిల్లలు నవ్వుతారు కూడా. ఆ షెడ్డులోనే, ఆ తట్టల మధ్యే పెరిగాను. నన్ను ఈయన ఎప్పుడూ ఏమీ అడగలేదు.

లోపలికి పోయి నేనూ కూర్చున్నాను. తేనెటీగలు, చీమలు ఎక్కడని నాయన అడిగితే, వదిన నోరు తెరిచే లోపలే నేను అందుకున్నాను. అవి సీతాకోకచిలుకల కొమ్మ పక్కనే వస్తాయని, దగ్గరి చుట్టాలని చెప్పాను. నేను చదివిన పుస్తకంలో బొమ్మ అలాగే ఉండేది.

వదిన జారిపోతున్న కొమ్మనొకదాన్ని తట్ట మీదికి సర్దింది. తర్వాత మెల్లగా, "ముందు అట్లే అనుకునేవాళ్ళు. జన్యువులు చూసినాక మారిపోయింది మే. తేనెటీగలు, చీమలు, కందిరీగలు అందరికంటే ముందే విడిపోయి పక్కకొచ్చేసినాయి. మిగతావన్నీ ఆ తర్వాత చీలినాయి" అంది.

ఆమె గొంతులో గొప్ప చూపించుకోవడం లేదు. ఉన్నట్టయితే బాగుండేది, కోపం తెచ్చుకునేదాన్ని. నాయన నా వైపు చూడలేదు. మళ్ళీ ఆమె వైపే తిరిగి, మరి నా పట్టుపురుగుకు దగ్గరి చుట్టం ఏదమ్మా అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టు వదిన ముందుకు జరిగింది. చిమ్మటలకూ సీతాకోకచిలుకలకూ అందరికంటే దగ్గరిది క్యాడిస్ ఈగ అనే పురుగు. ఈగ అంటారు గానీ ఈగ కాదు. మనవైపు దానికి పేరే లేదు. పెద్దయ్యాక చిన్న గోధుమరంగు చిమ్మటలా ఉంటుంది. చిమ్మట రెక్కల మీద పొలుసులుంటాయి, దీని రెక్కల మీద నూగు ఉంటుంది. పిల్లప్పుడు నీళ్ళలో బతుకుతుంది. పట్టుపురుగులాగే నోట్లోంచి దారం తీస్తుంది, ఆ దారంతో ఇసుక రేణువులు అంటించుకుని ఒంటికి గొట్టంలాంటి గూడు కట్టుకుంటుంది. పడమటి కనుమల్లో వాటిని చాలామంది ఏరారు. మా మెట్ట కొండల్లో ఎవరూ వెతకలేదు. ఆమె వచ్చింది వాటి కోసం.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. కొండ కింద వాగు పారుతోంది. మరుసటి రోజు పొద్దున వదిన వల, సీసాలు సర్దుకుంటుంటే నాయన కూడా చెప్పులు వేసుకున్నాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పి. నేను ఎమ్మెస్సీ పట్టా తీసుకున్న రోజు మోకాళ్ళ నొప్పనే రాలేదు. వద్దు మామా అని వదిన అంటే, "నిదానంగా వస్తాలే పా" అన్నాడు.

వాగులో వదిన పైవైపు వెతుకుతోంది. నేను కిందవైపు, నీళ్ళు మడుగు కట్టి నిలిచిన చోట గుండు రాయి మీద కూర్చున్నాను. పంతం కొద్దీ వెతకడం కూడా మానేశాను. ఊరికే నీళ్ళలోకి చూస్తుంటే అడుగున కుళ్ళిన ఆకు పక్కన బియ్యపు గింజంత ఇసుక పుల్ల ఒకటి కదిలింది. నీళ్ళ ఊపుకు అనుకున్నాను. మళ్ళీ కదిలింది, నీటికి ఎదురుగా. వంగి చూస్తే ఇసుక గొట్టం కొసన నల్లటి తల, సన్నటి కాళ్ళు. పక్కన ఇంకొకటి. ఇంకొకటి.

వదినను పిలిచాను. ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలో చీర కుచ్చిళ్ళు తడుపుకుంటూ పరిగెత్తుకొచ్చింది, నన్ను భుజాలు పట్టి ఊపింది. నాయన ఒడ్డున కూర్చుని అరచేతిలో సీసా మూత పట్టుకుని అందులో పాకుతున్న దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నదాన్ని వెతుక్కుంటా బెంగళూరు నుంచి వచ్చింది సూడు ఈయమ్మ" అన్నాడు, నాతో.

నేను సీసా మూత ఆయన చేతిలోంచి తీసుకుని వదినకు ఇచ్చేశాను.

ఆమె బెంగళూరు పోయాక ఒక ఆదివారం షెడ్డులో నాయనకు ఆకు కోసి పెడుతూ, మనసు ఉండబట్టక అడిగేశాను. ఇవన్నీ నాకూ తెలుసు కదా, నన్నెందుకు ఎప్పుడూ అడగలేదు నాయనా అని. కోపంగా కూడా అడగలేదు. ఆయన కొమ్మలు పరుస్తూనే జవాబు చెప్పాడు.

"నీకు టైము యాడుంటాది? రైలుకు పోవల్ల, రైలుకు రావల్ల. ఆయమ్మ అయితే కూసుంటాది."

అంతే. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయన దృష్టిలో అది జవాబు. నేను ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడి ధర్మవరం పోయాను.

కొన్నాళ్ళకు సంగతి ఇంకో మలుపు తిరిగింది. వదిన తీసుకుపోయిన పురుగులన్నీ చనిపోయాయి. పిల్లపురుగును చూసి జాతి చెప్పడం కష్టం, రెక్కలొచ్చిన మగదాన్ని చూస్తే గానీ అది ఏ జాతిదో తేలదు, ఆ పెంపకమే తమ ల్యాబులో కుదరలేదు అని ఆమె నాయనకు ఫోన్‌లో చెప్పుకుందట. నాయన అది అమ్మకు, అమ్మ నాకు చెప్పారు. పాపం అన్నాను. ఫోన్ పెట్టేశాక గమనించాను, నా ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆమె వల్ల కాని పని ఒకటుంది.

ఆ శనివారం కాలేజీ నుంచి వస్తూ పెనుకొండలో దిగాను. ఇంటికి పోలేదు. నేరుగా వాగుకు పోయి, మూత ఉన్న బకెట్ నిండా ఆ నీళ్ళూ ఇసుకా నానిన ఆకులూ పురుగులూ నింపుకుని తర్వాతి రైలు ఎక్కాను. చేపలా అని ఎవరో అడిగితే అవునన్నాను.

ధర్మవరంలో మా ఇంటి వెనక వసారాలో ప్లాస్టిక్ తొట్టిలో పెట్టాను. మొదటి సారి నావీ చనిపోయాయి. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చిన మా ఆయన, తొట్టి పక్కన నా మొహం చూసి, వీటి కోసం ఏడుస్తాండావా అన్నాడు. వీటి కోసం కాదని ఆయనకు ఎలా చెప్పను? నీళ్ళు వేడెక్కుతున్నాయి, కదలడం లేదు, అదీ కారణం అన్నాను. మరుసటి రోజు ఆయన అక్వేరియం షాపు నుంచి గాలి బుడగలు వదిలే చిన్న మోటారు తెచ్చి పెట్టాడు. నేను ప్లాస్టిక్ తొట్టి పక్కన పడేసి వెడల్పాటి మట్టి తొట్టి కొన్నాను. ఎండాకాలం నాయన షెడ్డుకు తడి గోనెలు వేలాడదీసినట్టు దాని చుట్టూ తడిపిన గోనె చుట్టాను. మళ్ళీ వాగుకు పోయాను.

ఆ తర్వాత నేను వాటి మనిషినైపోయాను. పొద్దున రైలుకు ముందు గోనె తడపడం, వచ్చీరాగానే చెప్పులతోనే వసారాలోకి పోవడం. మా అత్త మొదట్లో సణిగింది, ఇంట్లో దోమలు పెంచుతోందని ఎవరితోనో చెప్పింది కూడా. కొన్నాళ్ళకు తనే నేను కాలేజీలో ఉన్నప్పుడు గోనె మీద నీళ్ళు చల్లసాగింది. పురుగులు ఆకు తింటూ గూళ్ళు పొడుగు చేసుకుంటుంటే చూసేదాన్ని. ఒక్కో ఇసుక రేణువును కాళ్ళతో తిప్పి, సరిపడకపోతే వదిలేసి, ఇంకొకటి అందుకునేవి. చూస్తూ చూస్తూ వదినను మరిచిపోయే క్షణాలు ఉండేవి. అంతలోనే ఆమె గుర్తొచ్చేది. చూడు, నా దగ్గర బతికాయి అనుకునేదాన్ని. ఆ మాట ఆమెకు ఏ గొంతుతో చెప్పాలో రైల్లో నాలో నేనే అనుకుంటూ పోయేదాన్ని.

ఒక రోజు అవి ఒక్కొక్కటిగా గూళ్ళను రాళ్ళకు అంటించుకుని రెండు కొసలూ మూసేసుకున్నాయి. పట్టుపురుగు గూడు కట్టడానికి చంద్రిక అనే వెదురు తడిక ఎక్కితే మావాళ్ళు ఎంత నిశ్శబ్దంగా తిరుగుతారో నేను వసారాలో అంత నిశ్శబ్దంగా తిరిగాను. తొట్టి మీద దోమతెర కట్టాను. ఎక్కడానికి నీళ్ళలో నాలుగు పుల్లలు గుచ్చాను.

అవి బయటకు వచ్చింది ఒక సాయంత్రం దీపాల వేళ. అదృష్టం కొద్దీ ఆ రోజు నాకు సెలవు. ప్యూపా తనే గూడు కొరుక్కుని బయటపడి, పైకి ఈది వచ్చి పుల్ల పట్టుకుంది. వీపు చీలింది. తడి రెక్కలు ముద్దగా వచ్చి మెల్లగా సాగాయి. గోధుమ రంగు, ఇంటికప్పులా ముడుచుకున్న రెక్కలు, ఒంటికంటే పొడుగు మీసాలు. కళ్ళద్దాలు తీసి దగ్గరగా చూస్తే రెక్కల మీద నూగు. పాఠంలో ఎన్నిసార్లో చెప్పాను గానీ ఒక ప్రాణి అలా మారడం కూర్చుని పూర్తిగా చూసింది అదే మొదలు. మా ఆయన, మా అత్త నా వెనక నిలబడి ఉన్నారు.

నాయనకు ఫోన్ చేశాను. ఆయన మోకాళ్ళ సంగతి మరిచిపోయి మరుసటి పొద్దున మొదటి రైలుకే వచ్చేశాడు. తొట్టి పక్కన కూర్చుని దోమతెర మీద వాలిన వాటిని చూశాడు. ముక్కు దాదాపు తెరకు ఆనించి చూశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన ఏమంటాడో వినడానికి నా ఒళ్ళంతా చెవులైంది.

"మీ వదినకు ఫోన్ చేసినావా?" అన్నాడు.

లేదన్నాను. చెయ్యి అన్నాడు. నేను కదలకపోయేసరికి తన ఫోన్ తీసి తనే చేశాడు. "మన పాప పెంచిందమ్మా, రెక్కలొచ్చినాయి" అని ఆమెతో చెప్తున్నాడు. మన పాప అన్న మాట విన్నాను. అది నాతో కాక ఆమెతో అన్నాడన్నదీ విన్నాను. వంటింట్లోకి పోయి ఆయనకు ఉగ్గాని కలుపుతూ రెండిట్లో దేనికి కళ్ళు మండుతున్నాయో తేల్చుకోలేకపోయాను. ఉల్లిపాయలు కూడా కోస్తున్నాననుకోండి.

వదిన రెండు రోజుల్లో ధర్మవరం వచ్చింది. నేను తయారు చేసుకున్న మాటలేవీ అనే అవకాశం రాలేదు. ఆమె తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చావు, ఏ ఆకులు తిన్నాయి, మూసుకున్నాక కదిలించావా. జవాబులు చెబుతుంటే నాకు సుఖంగా ఉంది. తర్వాత ఆమె ల్యాప్‌టాప్ తెరిచి వంశవృక్షం చూపించింది. కందిరీగలు చీమల పాయ విడిపోయిన చోటు, పెంకు పురుగులు, ఈగలు, తర్వాత చిమ్మటలూ క్యాడిస్ ఈగలూ ఒకే చీలిక నుంచి పక్కపక్కన. క్యాడిస్ కొమ్మలో ఒక ఖాళీ గీత దగ్గర మా జిల్లా పేరు రాసుకుంది. నాకు మళ్ళీ మంట రేగింది. పురుగు నా తొట్టిలోది, గీత ఆమెది. ఆమె నాలుగు మగవాటిని ఆల్కహాలు సీసాలో వేసుకుంది. వ్యాసంలో నా పేరు ఉంటుందని చెప్పింది. పోతూ పోతూ, పీహెచ్‌డీకి ఇప్పటికైనా దరఖాస్తు పెట్టొచ్చు కదా, నేను మాట్లాడతానంది. ఆమె మాట్లాడి ఇప్పించే సీటు నాకు వద్దనిపించింది. ఆలోచిస్తానన్నాను.

నెలలు గడిచాక ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. జన్యువులు చదివారట. కర్ణాటక కొండల్లో ఎప్పుడో దొరికిన జాతేనట, కొత్తది కాదు. ఉండాల్సిన కొమ్మ మీదే, ఉండాల్సిన చోటే పడింది. ఇంత దూరం మెట్టలో కూడా ఉందని తెలిసింది, అంతవరకు వ్యాసం వస్తుందంది. ఆమె నిరాశ వింటుంటే నాకు లోపల చల్లగా తగిలింది. స్టవ్ మీద టీ పొంగేంత సేపు ఆ చల్లదనం ఉంది. టీ గ్లాసులో పోసుకుంటుంటే అప్పుడు తట్టింది, కొత్తది కానిది నా పురుగు కూడా అని. వసారాలోకి పోయి గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

వ్యాసం వచ్చింది. పేర్ల మధ్యలో నా పేరు ఉంది. ప్రింటు తీసి స్టాఫ్ రూములో చూపించాను, అందరూ సంతోషించారు. నాయనకు చూపిస్తే వదిన పేరు ఏదని అడిగి, ముందు దాని మీద, తర్వాత నా దాని మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక తలుపుల మండలం వైపు ఒక వాగు బాగా పారుతోందని కాలేజీలో ఒకాయన చెప్పాడు. ఆదివారం మా ఆయనా నేనూ బండి మీద పోయాం. అక్కడి పురుగులు వేరు. గూళ్ళు మోసుకు తిరగవు. రాళ్ళ సందుల్లో దారంతో సన్నటి వలలు కట్టుకుని, నీళ్ళు మోసుకొచ్చే చిన్నాచితకా తిండిని అందులో పట్టుకుంటాయి. ఆ వలల గళ్ళు మగ్గం మీది గుడ్డంత సమంగా ఉన్నాయి. మా ఆయన బోర్లా పడుకుని చూస్తూ, తను నేసినా ఇంత సమంగా రాదేమోనన్నాడు. వీటికి పారే నీళ్ళు కావాలి, మా తొట్టి పనికిరాదు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నీళ్ళు తిరిగేలా పైపులతో ఏదో బిగించాలని ఆయన చూస్తున్నాడు.

వదినకు ఇంకా చెప్పలేదు. పోయిన వారం ఫోన్ చేసి కొత్త విశేషాలేమున్నాయని అడిగింది. వానలు బాగున్నాయన్నాను. చెబుతాను, ఎలాగూ చెప్పాల్సిందే, ఆ జన్యువులు చదివే యంత్రం ఆమె దగ్గరే ఉంది. కానీ వాటికి రెక్కలొచ్చి తెర మీద వాలడం అందరికంటే ముందు నేను చూడాలి. అంతవరకు ఎవరికీ ఫోన్ చేయొద్దని మా ఆయనకు గట్టిగా చెప్పాను.